పిడికెడుకు నాలుగు గింజలు తక్కువ

"ఆ పెట్టె దించండి."

నేను సుమో కప్పు మీద ఉన్నాను. పనిముట్ల పెట్టెకు తాడు బిగిస్తున్నాను. కిందికి చూస్తే ఒకమ్మాయి నడుం మీద రెండు చేతులూ ఆనించుకుని, మెడ పైకెత్తి నిలబడి ఉంది. పక్కన బియ్యం మూట. మూట మీద బోర్లించిన పెద్ద గుండిగ.

"ఎందుకు?" అన్నాను.

"గుండిగ పట్టాలి. పద్నాలుగు మందికి వంట. మీ పెట్టె అన్నం పెడుతుందా?"

"రంపం ఉంది అందులో."

"రంపం తింటారా?"

చుట్టూ నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. మాటకు మాట అందించడం నాకు రాదు. పెట్టె దించాను. గుండిగ ఎక్కించాను. పెట్టెను గువాహటి దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత రెండు రోజులు మోకాళ్ళు నా మాట వినలేదు.

ఆమె పేరు రువాతి. మా కొండకు అవతలి కొండ మీద చిన్న పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆ ఏడు మా చర్చి యువజనం నేపాల్ వెళ్తుంటే, పిల్లలకు పాటలూ మాకు వంటా ఆమెకు అప్పగించారు. ఐజోల్ నుంచి సాంగా వచ్చాడు. గిటార్, మంచి గొంతు, ఎప్పుడూ నవ్వే ముఖం. అందరికీ పెద్ద ఉపా ఖూమా. ఉపా అంటే చర్చి పెద్ద. నన్ను తీసుకెళ్ళింది వడ్రంగం కోసం.

మా బడి నేపాల్‌లో, పాంచ్‌థర్ కొండల్లో ఉంది. "మా బడి" అని రాశాను. దిద్దను. ఆ చైత్రంలో వచ్చిన గాలివాన దాని కప్పు రేకులు ఎత్తుకెళ్ళి ఏలకుల తోటలో పడేసింది. పిల్లలు ఆకాశం కింద కూర్చుని ఎక్కాలు చెబుతున్నారు.

హెడ్‌సర్ అంగ్‌దెంబె మొదటిరోజే చెప్పారు. "పాటలు పాడించండి, బొమ్మలు వేయించండి, కప్పు వేయండి. ప్రార్థన మాత్రం మీ బసలో చేసుకోండి."

"కప్పు వేయడం కూడా ప్రార్థనే లెండి," అన్నాడు ఉపా ఖూమా. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

*

మా మిజో ఇళ్ళలో అన్నానికి బియ్యం కొలిచాక, పొయ్యి మీదికి పోకముందే ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. అది దేవుడి పనికి. వారానికోసారి చర్చి ఆడవాళ్ళు వచ్చి పోగుచేసుకుపోతారు. మేం ఎక్కిన సుమో నడిచింది ఆ పిడికిళ్ళతోనే. ఆ పని ఆడవాళ్ళది. మగవాడు డబ్బా ముట్టుకుంటే, "ఏం, రేపట్నుంచి మగ్గం కూడా నేస్తావా?" అంటారు.

మా అమ్మ అంతకు ముందు ఏటి చలికాలంలో చనిపోయింది. చివర్లో ఒకటే చెప్పింది. "మన ఇంటి పిడికిలి ఆపకురా." ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అందుకని ఏడాదిగా, తలుపు దగ్గరికి వేసుకుని, నేనే వేస్తున్నాను.

నా కుడిచేతికి చివరి రెండు వేళ్ళూ సగానికే ఉన్నాయి. పద్దెనిమిదో ఏట కోత మిల్లులో పోయాయి. ఆ చేత్తో పిడికెడు తీస్తే సందులోంచి నాలుగు గింజలు కారతాయి. ఇంట్లో అయితే కోళ్ళు ఏరుకునేవి.

రువాతి కూడా ఒక డబ్బా తెచ్చింది. పాలపొడి డబ్బా, నీలంది. మూటకు ఎదురు గోడ దగ్గర పెట్టింది. కానీ మొదటిరోజు కొత్త పొయ్యి, తడి కట్టెలు, చుట్టూ అరవై మంది పిల్లలు. మూటలోంచి బియ్యం నేరుగా గుండిగలోకి వెళ్ళిపోయింది. నేను తలుపు చట్రం కొలుస్తూ చూశాను. రెండో రోజూ అంతే.

నా పనిముట్లు ఉండేది వంటగదిలోనే. తెల్లారగానే ఆమె బిందె తీసుకుని ధార దగ్గరికి దిగిపోయేది. నేను సుత్తి కోసం వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడు రెండు పూటలకూ రెండు పిడికిళ్ళు తీసి డబ్బాలో వేసేవాణ్ణి. మా ఇంటి పిడికిలి. అది అందరి మూట. అందుకని నేను తినేదాంట్లో అంత తగ్గించుకునేవాణ్ణి.

"చాలు," అనేవాణ్ణి.

"ఒక గరిటేనా?"

"చాలు."

"రేకులు మోసే మనిషి ఒక్క గరిటె తింటాడా, ఊ తువాంగా? ఉప్పు ఎక్కువైందా?"

ఊ అంటే మాలో అన్న అనే మర్యాద. ఆమె నాకంటే ఐదేళ్ళు చిన్నది.

"లేదు."

"తక్కువైందా?"

"లేదు. బాగుంది."

"బాగుంటే ఉండే ముఖమా అది!" అని గరిటెతో గుండిగ అంచు మీద ఠంగుమని కొట్టి, వెనకవాడికి వడ్డించేది.

*

మూడోరోజు పొద్దున వంటగదిలోంచి కేక వినిపించింది. "అయ్యో, డబ్బా! రెండు రోజులు మర్చిపోయానే!"

తర్వాత మూత తీసిన చప్పుడు. కాసేపటికి రువాతి డబ్బా చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. టీ తాగుతున్న మమ్మల్నందరినీ వరసగా చూసింది.

"ఇందులో బియ్యం ఎవరు వేశారు?"

అందరం గ్లాసుల్లోకి చూసుకున్నాం.

చేసిన మేలు చెప్పుకోకూడదని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. అందుకని చేసినవాడూ "నేను కాదు" అంటాడు, చేయనివాడూ "నేను కాదు" అంటాడు. మా ఊళ్ళో ముసలమ్మ పొలంలో కలుపు తీసిపెట్టిందెవరో తెలియాలంటే, ఎవడు అందరికంటే గట్టిగా కాదంటున్నాడో చూసి పట్టుకుంటారు.

"సాంగా, నువ్వా? నిన్న వంటగది దగ్గర తిరిగావు."

"నేనా! నిప్పు కోసం వచ్చాను. దేవుడి తోడు, నేను కాదు! ఆ డబ్బా ఎక్కడుందో కూడా నాకు తెలీదు!"

అతను చెప్పింది నిజం. కానీ అంత గట్టిగా చెప్పి ఉండాల్సింది కాదు. రువాతి ముఖం మెత్తబడింది. అతని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

తర్వాత నావైపు చూసింది.

"నేను కాదు," అన్నాను.

"మీరు కాదని తెలుసు లెండి," అంది.

ఆరోజు నుంచి ఆమె పిడికిలి ఆమె వేస్తూనే ఉంది. నాది నేను వేస్తూనే ఉన్నాను. డబ్బా త్వరగా నిండుతోంది. పొద్దున్నే మూత తీసి చూసుకుని, గిటార్ వినిపించే వైపు తిరిగి నవ్వుకునేది. నేను మేకులు ఏరుకుంటూ చూసేవాణ్ణి.

*

పిల్లలు నా చుట్టూ ఎక్కువ చేరేవారు. నేను మాట్లాడను కాబట్టి వాళ్ళకు మాట్లాడే వీలెక్కువ. రెండో తరగతి సన్‌మాయా రోజూ మేకుల డబ్బా పట్టుకుని నిచ్చెన కింద నిలబడేది. దాయీ, దాయీ అని పిలిచేది. దాయీ అంటే నేపాలీలో అన్న. ఒకరోజు నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది.

"దాయీ, నీ వేళ్ళు ఎవరు తిన్నారు?"

"రంపం."

"మళ్ళీ మొలుస్తాయా?"

"చూద్దాం."

"నా పన్ను మొలిచింది," అని నోరు తెరిచి చూపించింది.

నేను వంగి ఆ పన్ను పరీక్షగా చూసి, "గట్టిదే. మేకు అక్కర్లేదు," అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. రువాతి. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. "మీకు నవ్వించడం కూడా వచ్చా?" అంది. నేను నిచ్చెనెక్కేశాను. ఎక్కాక చూసుకుంటే సుత్తి కిందే ఉంది.

కప్పు సగం అయిన రోజు వాన పట్టుకుంది. పిల్లలందరినీ ఆ సగం కిందికి తోశాం. కొత్త రేకుల మీద వాన అంటే చెవిలో మాట చెవికి వినిపించదు. రువాతి పాట ఆపేసింది. చేతులు పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టింది. రెండు నెమ్మదిగా, మూడు గబగబా. అరవై మంది పిల్లలు అందుకున్నారు. వానకూ వాళ్ళకూ పోటీ.

గోడ లేని వైపు నుంచి జల్లు కొడుతోంది. టార్పాలిన్ ఒక కొస పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. కట్టడానికి అటు గుంజ లేదు. గంట సేపు నేనే గుంజ. వీపు తడిసింది. నా ముందున్న పిల్లలు పొడిగా ఉన్నారు.

చప్పట్ల మధ్యలో ఆమె ఒకసారి నావైపు చూసింది. ఒకసారే. చప్పట్ల లెక్క తప్పింది. పిల్లలు గోలగోలగా నవ్వారు. ఆమె కూడా నవ్వి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

*

రెండో వారం, బుధవారం. కిటికీ రెక్కకు బందు బిగిస్తున్నాను. అవతల సాంగా గొంతు వినిపించింది.

"రువాతీ, ఊరెళ్ళాక మా మామయ్యను మీ ఇంటికి పంపనా?"

మాలో పెళ్ళికి అడగడం అలాగే. బందు మర ఇంకో చుట్టు తిప్పాను. అది అప్పటికే బిగిసి ఉంది.

"సోమవారం చెబుతాను," అంది రువాతి. "బయలుదేరే ముందు."

మర్నాడు నాకు టీ తెచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. కోసి పెట్టిన దూలం మీద కూర్చుంది.

"ఊ తువాంగా, ఒక మాట అడుగుతాను. సాంగా ఎలాంటివాడు?"

"మంచివాడు."

"ఇంకా?"

"బాగా పాడతాడు."

"మీ దగ్గర మాట రాబట్టడం కంటే ఆ దూలంలోంచి నీళ్ళు పిండడం తేలిక," అంది. రంపపు పొట్టును కాలితో గీసింది. "పాటలు పాడేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చూసేది ఆ డబ్బా. ఆడవాళ్ళు మర్చిపోయిన పిడికిలి ఒక మగవాడు గుర్తుపెట్టుకుని వేశాడు. వేసి, కాదంటున్నాడు. అలాంటి మనిషితో బతకొచ్చు కదా?"

నేను టీ తాగాను. వేడిగా ఉంది.

"ఒక్కటే లోపం. బియ్యం కారుస్తాడు. మూట దగ్గర్నుంచి డబ్బా దాకా రోజూ గింజల గీత. ఊడ్చలేక చస్తున్నాను."

గ్లాసు కింద పెట్టి చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

నేనే అని చెప్పడానికి రెండు మాటలు చాలు. నా దగ్గర అవి ఉన్నాయి. కానీ చెబితే అది అమ్మ పిడికిలి కాకుండా పోతుంది, నా బేరం అవుతుంది. చెప్పకపోతే, సోమవారం ఆమె ఒక మంచివాడికి, అతను చేయని పనికి, సరే అంటుంది. రెండువైపులా కొలిచాను. ఏ వైపూ సరిపోలేదు.

సాయంత్రం సాంగా వచ్చి నా పక్కన చతికిలపడ్డాడు.

"ఊ తువాంగా, ఆ బియ్యం వేసింది నేను కాదంటే రువాతి నమ్మదేంటి?"

"నమ్మించు."

"ఎంత నమ్మిస్తే అంత మురిసిపోతోంది! ఇంకెలా చెప్పను? ఎవడి పుణ్యమో మోసుకు తిరుగుతున్నాను. బరువుగా ఉంది."

నేను రంపం కోరలకు పదును పెడుతూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున ఎడమచేత్తో వేశాను. ఒక్క గింజ పడలేదు. ఆరోజు రువాతి చీపురు పట్టుకుని, శుభ్రంగా ఉన్న నేల కేసి చాలాసేపు చూస్తూ నిలబడింది. శనివారమూ, ఆదివారమూ కూడా ఎడమచేత్తోనే.

ఆ మూడు రోజులూ నాకు రెండు గరిటెలు వడ్డించింది. "చాలు" అన్నా వినలేదు. మూడో గరిటె కూడా ఎత్తింది. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టాల్సివచ్చింది.

*

సోమవారం. కప్పు పూర్తయింది. ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు. పిల్లలు మా మెడల్లో పూలదండలు వేశారు. సన్‌మాయా నా మెడ అందక దండను నా చేతికే చుట్టింది.

హెడ్‌సర్ లేచి మాట్లాడారు.

"మా నాన్నల కాలంలో ఈ బడి కట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఇంటింటా రోజుకో ముఠీ బియ్యం పక్కన పెట్టారు. మూడేళ్ళు పెట్టారు. ఆ గోడలు ఆ పిడికిళ్ళే. మీ వంటగదిలో నీలం డబ్బా చూసి, మా అమ్మ వెళ్ళి తొంగి చూసి వచ్చింది. వీళ్ళు కూడా మనవాళ్ళేరా అంది."

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఉపా ఖూమా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పిల్లల మధ్యాహ్నం గంజికి ఈరోజు అందరం ఒక్కొక్క ముఠీ వేద్దాం."

నడిమధ్యన వెదురుబుట్ట పెట్టారు. ఊరివాళ్ళు కొంగుల్లో, టోపీల్లో బియ్యం తెచ్చారు. మా కోసం రువాతి నీలం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్లకూ బుట్టకూ మధ్య ఆరడుగులు. ఒక్కొక్కరే డబ్బాలోంచి పిడికెడు తీసి, నడిచి వెళ్ళి, బుట్టలో వేసి వస్తున్నారు. సాంగా వేశాడు. ఒక్క గింజ కారలేదు. ఐదు వేళ్ళ పిడికిలి.

నా వంతు వచ్చింది.

డబ్బా ముందు నిలబడ్డాను. ఎడమచెయ్యి ఎత్తాను. దించాను. అలికిన నేల, ఎర్రగా, నున్నగా ఉంది. దాని మీద ఏం పడినా అందరికీ కనిపిస్తుంది.

బుట్ట అవతల రువాతి నిలబడి ఉంది. ఆమె కళ్ళు కిందికి లేవు. నా ముఖం మీద ఉన్నాయి.

అమ్మ వేయమంది. దాచమని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

కుడిచెయ్యి డబ్బాలో పెట్టాను. పిడికిలి బిగించి బయటికి తీశాను. నడిచాను. ఆరడుగులే. గట్టు మీద నడిచినట్టు నడిచాను. టప్, టప్ అని గింజలు పడుతున్నాయి.

"దాయీ, కారిపోతోంది!" అంటూ సన్‌మాయా నా వెనకే వంగి, ఒక్కొక్క గింజే ఏరుకుంటూ వచ్చింది. ఊరంతా నవ్వింది.

రువాతి నవ్వలేదు. కళ్ళు నిండాయి. పెదవి కొరుక్కుంది.

సాంగా నేలకేసి చూశాడు. నా చేతికేసి చూశాడు. నుదురు కొట్టుకున్నాడు.

"చెప్పానా! రెండు వారాలుగా చెబుతున్నానా నేను కాదని! ఇప్పుడైనా నమ్ముతావా, రువాతీ?"

"నమ్ముతున్నాను," అంది ఆమె.

అతను తల ఊపాడు. పక్కకు వెళ్ళి గిటార్ తీగలు సరిచేస్తూ కూర్చున్నాడు. తీగలు సరిగానే ఉన్నాయి. తర్వాత పిల్లల్ని పిలిచి, వాళ్ళకు నచ్చిన చప్పట్ల పాట ఎత్తుకున్నాడు. ముందెప్పుడూ అంత బాగా పాడలేదు.

*

బయలుదేరేటప్పుడు నేను జీపు కప్పు మీద ఉన్నాను. గుండిగ కోసం చెయ్యి చాపాను.

"ముందు మీ పెట్టె ఎక్కించండి," అంది రువాతి. "గుండిగ నేను ఒళ్ళో పెట్టుకుంటాను."

"బరువు."

"మీ మోకాళ్ళ కంటే నావి గట్టివి."

పెట్టె కట్టి దిగాను. ఆమె నా పక్కన కూర్చుంది. ఒళ్ళో గుండిగ. జీపు రెండు మలుపులు తిరిగింది.

"నాకు శుక్రవారమే తెలిసిపోయింది," అంది.

ఆమె వైపు తిరిగాను.

"గీత సంగతి మంగళవారం సాంగాకు చెప్పాను. గీత ఆగలేదు. గురువారం మీకు చెప్పాను. శుక్రవారం ఆగిపోయింది. ఇంకెవరికీ చెప్పలేదు."

"మరి అడగలేదే?"

"అడిగితే ఏమనేవారు?"

ఆలోచించాను. "నేను కాదు అనేవాణ్ణి."

"అందుకే." గుండిగ అంచు మీద గోటితో కొట్టింది. "సోమవారం దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. మీరు ఎడమచేత్తో వేసి వెళ్ళిపోతే, సాంగాకు కాదని చెప్పి మా బడికి నేను పోయేదాన్ని. ఎడమచెయ్యి ఎత్తినప్పుడు ప్రాణం పోయింది, తెలుసా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పాను.

"ఒక్క గరిటె తిన్నది కూడా అందుకేనా?"

"అవును."

"నా వంట నచ్చలేదనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో!"

"ఉప్పు కొంచెం ఎక్కువే," అన్నాను.

ఒక క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత గరిటె వెతికింది. అది గుండిగ లోపలుంది. నేను బతికిపోయాను.

అప్పుడు అమ్మ సంగతి చెప్పాను. ఏడాది మొత్తం మీద నేను మాట్లాడినంత ఆ మలుపుల్లో మాట్లాడి ఉంటాను. ఆమె వింటూ నా కుడిచెయ్యి తీసుకుంది. తెగిన వేళ్ళ చోట తన వేళ్ళు పెట్టి మూసింది. సందు లేదు.

"మీ ఇంట్లో డబ్బా ఎంత ఉంటుంది?" అంది.

"చిన్నదే."

"పూటకు రెండు పిడికిళ్ళు పట్టదా?"

"పడుతుంది. మూత కొంచెం వదులు."

"వడ్రంగి ఇంట్లో మూత వదులా!" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మా నాన్న దగ్గరికి ఎవర్ని పంపుతారు?"

"ఉపా ఖూమాను అడగాలి."

"అడగక్కర్లేదు," అన్నాడు ఉపా ఖూమా ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండానే. "ఇంత చిన్న జీపులో నాకు వినిపించనిదేముంది? శనివారం వెళ్తాను. అమ్మాయ్, ఆరోజు ఉప్పు తగ్గించి వండమని మీ అమ్మకు చెప్పు."

జీపంతా నవ్వింది. వెనక సాంగా అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మంచిదే.

వాన మొదలైంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాను. ఉంగరం వేలు సగమే ఉంది.

ఆమె నా చూపు ఎటుందో కనిపెట్టింది.

"ఉంగరం ఎడమచేతికి పెడతారు," అంది. "ఆ చేతి పని నేను మూడు రోజులు చూశాను. ఒక్క గింజ కూడా జారవిడవదు."